వైజాగ్‌లో వారం రోజులు: పేర్ల జాబితా కాదు, దిక్కు చూసుకోండి

మీ జాబితా చూశాను. సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారంలో హైదరాబాద్ నుంచి బయల్దేరి శనివారం పొద్దున వైజాగ్‌లో దిగుతారు, తర్వాతి శుక్రవారం రాత్రి తిరుగు రైలు. మీ ఇద్దరు, స్కూల్‌కెళ్లే ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. చేతిలో యూట్యూబ్ చూసి రాసుకున్న ముప్పై చిల్లర పేర్లు. అరకు పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా, వారమంతా కారు మాట్లాడుకోవాలా, హోటల్ రుషికొండలో తీసుకుంటే ఎలా ఉంటుంది అని అడిగారు. ముందు ఆ మూడింటికీ సూటిగా చెప్పేస్తాను. అరకులో ఒక రాత్రి ఉండండి, కారు రెండు మూడు రోజులకి చాలు, రుషికొండలో వద్దు.

ఎందుకో తెలియాలంటే ఈ ఊరు ఎలా పరుచుకుని ఉందో కొంచెం చూడాలి. తూర్పున సముద్రం, పడమర కొండలు, మధ్యలో మిగిలిన కాస్త జాగాలో ఊరు ఉత్తరానికీ దక్షిణానికీ సాగిపోయింది. దక్షిణం వైపు పోర్టు, నేవీ, షిప్‌యార్డ్, ఇంకా పోతే స్టీల్ ప్లాంట్. ఉత్తరం కొసన భీమిలి. ఆర్‌కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంతో దగ్గరగా కనిపిస్తుంది, దాని వెనకే యారాడ బీచ్. అది చూసి "పక్కనేగా, ఆటోలో పోయొద్దాం" అంటారు మా ఇంటికొచ్చే చుట్టాలందరూ. ఆ కొండకీ ఊరికీ మధ్య ఓడలు లోపలికొచ్చే కాలువ ఉంది, దాని మీద వంతెన లేదు. యారాడ పోవాలంటే హార్బర్ మొత్తం చుట్టుకుని సింధియా మీదుగా వెళ్లాల్సిందే. మీరేమో రెండో రోజు కింద "యారాడ, కైలాసగిరి, భీమిలి" అని ఒకే లైన్లో రాసేసుకున్నారు. ఊరి ఈ కొసా ఆ కొసా ఒకే రోజున చూస్తే అమ్మగారు చూసేది కారు కిటికీ ఒక్కటే.

కాబట్టి ఒక రోజుకి ఒక దిక్కు పెట్టుకోండి. ఇంకోటి, పొద్దున తొందరగా మొదలుపెట్టి మధ్యాహ్నం పన్నెండుకల్లా గదికి చేరిపోయి, మళ్లీ మూడున్నర తర్వాత బయటికి రండి. జనవరి కదా చలిగా ఉంటుందనుకుంటారు గానీ ఊళ్లో పొద్దున్నా రాత్రీ చల్లగాలి తప్ప మధ్యాహ్నం ఎండ ఎండే. సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో సముద్రంలోంచి పైకొస్తాడు, సాయంత్రం ఆరు కాకముందే కొండల వెనక్కి దిగిపోతాడు. మీ జాబితాలో "బీచ్‌లో సూర్యాస్తమయం ఫోటో" అని ఉంది. ఇది తూర్పు తీరమండీ, ఆ ఫోటో కావాలంటే గోవా పోవాలి. ఇక్కడ దొరికేది ఉదయం ఫోటో, దానికి అలారం పెట్టుకోవాలి.

హోటల్ సంగతి. రుషికొండ అందంగానే ఉంటుంది, రెండు రాత్రులు బీచ్ దగ్గర పడుకోవడానికే వస్తే అక్కడే తీసుకోమనేవాణ్ని. మీరు వారం తిరగడానికి వస్తున్నారు, రైల్వే స్టేషన్, పోర్టు, సింహాచలం అన్నీ అక్కణ్ణుంచి దూరమే. అరకు రైలు పొద్దున్నే ఉంటుంది, ఆ రోజు చీకట్లో లేచి క్యాబ్ కోసం చూస్తూ టెన్షన్ పడాలి. డాబాగార్డెన్స్, ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల, లేదంటే కొంచెం ఎక్కువ పెట్టగలిగితే బీచ్ రోడ్డుకి దగ్గర్లో చూసుకోండి. లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి, ఫోటోల్లో లిఫ్ట్ ఉన్న హోటల్‌కీ లేని హోటల్‌కీ తేడా తెలీదు.

కారు ఊళ్లో రోజూ అక్కర్లేదు, ఆటోలూ యాప్ క్యాబ్‌లూ బాగానే దొరుకుతాయి. అరకు నుంచి దిగే రోజుకీ, భీమిలి వైపు వెళ్లే రోజుకీ మాత్రం కారు మాట్లాడుకోండి. సింహాచలానికి మీ ఇష్టం.

శనివారం ఏమీ పెట్టుకోవద్దు. రాత్రి రైల్లో నిద్ర ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్నానాలు, భోజనం, నిద్ర, సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడక. ఆర్‌కే బీచ్ శనివారం సాయంత్రం కిటకిటలాడుతుంది, అయినా పిల్లలు సముద్రం చూడకుండా పడుకోరు కాబట్టి తప్పదు. మురీ మిక్చరో, పిడతకింద పప్పో తినండి, గట్టు మీద కూర్చోండి. చీకటి పడ్డాక దూరంగా వరసగా లైట్లు కనిపిస్తాయి, పోర్టులో బెర్త్ ఖాళీ అయ్యేదాకా లంగరేసుకుని ఎదురుచూస్తున్న ఓడలవి. పిల్లల్ని లెక్కపెట్టమనండి. నీళ్లలోకి మాత్రం దిగనివ్వద్దు. ఇక్కడ ఒడ్డు దగ్గరే లోతు మారిపోతుంది, వెనక్కి లాగే కెరటం బలంగా ఉంటుంది, ఈత వచ్చిన కాలేజీ కుర్రాళ్లు కూడా కొట్టుకుపోయారు. కాళ్లు తడుపుకోవడం వరకే.

ఆదివారం నాకు ఇష్టమైన రోజు, అందుకని దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. నేను పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని. ఇంతమంది వైజాగ్ వస్తారు గానీ ఇది హార్బర్ ఉన్న ఊరన్న సంగతి చాలామందికి పట్టదు. బీచ్, అరకు చూసి వెళ్లిపోతారు. ఆదివారం తెల్లవారుజామున మీరూ పెద్దబ్బాయీ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి, అమ్మగార్నీ చిన్నపిల్లనీ పడుకోనివ్వండి. ఐదున్నరకల్లా అక్కడుంటే వేట నుంచి వచ్చిన మరబోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జెట్టీకి కట్టేసి ఉంటాయి, బుట్టలు చేతులు మారుతుంటాయి, నేల మీద కుప్పలు పోసిన చేపల చుట్టూ గుంపులు కడతారు. పాట పాడేవాడు ధర అరుస్తుంటాడు, చీర ఎగదోపుకున్న ఆడవాళ్లు ఎదురుగా నిలబడి చేపను వేలితో నొక్కి, మొప్ప ఎత్తి ఎరుపు చూసి, తల అడ్డంగా ఊపుతారు. ధర దిగుతుంది. బయటివాళ్లకి ఎవరు కొన్నారో, ఎంతకి కొన్నారో అర్థమయ్యేలోపు ఆ కుప్ప మీద ఐసు పడిపోయి ఆటో ఎక్కేస్తుంది. అన్ని బేరాల్లోనూ గట్టిగా నిలబడేది ఆ ఆడవాళ్లే. కోనాం, చందువ, కానాగంతలు, రొయ్యలు, పీతలు, పేరు తెలియనివి ఇంకా బోలెడు. నేల తడిగా, జిగటగా ఉంటుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి, మంచి బట్టలు వద్దు. దారికి అడ్డంగా నిలబడి సెల్ఫీలు తీసుకుంటే తిట్లు పడతాయి, పడాలి కూడా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, ఆ రెండు నెలల్లో వచ్చినవాళ్లకి ఈ సందడి ఉండదు. మీరు జనవరిలో వస్తున్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

టిఫిన్ చేసి అందరూ కలిసి వన్ టౌన్ వెళ్లండి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. అమ్మవారి మీద కప్పు ఉండదు, ఎండకీ వానకీ అలాగే. ఎవరైనా దగ్గరికెళ్లి తమ చేత్తో పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో అయితే అడుగు పెట్టడానికి చోటుండదు, మీరొచ్చేసరికి ఆ నెల దాటిపోయి ఉంటుంది. అమ్మగారికి ఈ గుడి నచ్చుతుంది, పెద్దగా మెట్లు ఎక్కే పని కూడా లేదు.

అక్కణ్ణుంచి రాస్ హిల్. పోర్టుని ఆనుకుని మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. యూట్యూబ్‌లో మూడు మతాలు, మూడు కొండలు అని చెప్పి వదిలేస్తారు. నేను రాస్ హిల్ ఎక్కమనేది హార్బర్ కోసం. పైనుంచి చూస్తే ఇన్నర్ హార్బర్ మొత్తం కళ్ల ముందుంటుంది, ఈ ఊరు ఎందుకు ఇంత పెద్దదయిందో అక్కడ తెలుస్తుంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ అడ్డుగోడలా నిలబడింది, దాని పక్క నుంచి సన్నటి కాలువ, ఆ కాలువ లోపల చిత్తడి నేలని తవ్వి చేసిన రేవు. బయట సముద్రం ఎంత పోటు మీదున్నా లోపల నీళ్లు కదలవు. 1933 అక్టోబర్‌లో జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికొచ్చింది. ఒడ్డు వెంబడి కొట్టుకొచ్చే ఇసుక ఆ కాలువను పూడ్చేయకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. ఆ ఇసుక గొడవ ఇప్పటికీ ఉంది. దక్షిణం నుంచి ఉత్తరానికి పోవాల్సిన ఇసుక పోర్టు దగ్గర ఆగిపోతుంది, దాంతో ఆర్‌కే బీచ్ కోసుకుపోతుంది, ఇక్కడ తవ్విన ఇసుకను తీసుకెళ్లి అక్కడ పోస్తుంటారు. శనివారం సాయంత్రం మీరు నడిచిన ఇసుకలో కొంత అలా వచ్చిందే.

అదృష్టం బాగుంటే పైన ఉన్నప్పుడే ఓ ఓడ లోపలికొస్తుంది. టగ్‌లు పక్కన నడుస్తుంటే, కొండ పక్కనుంచి, అంత సన్నటి దారిలో, మనిషి నడక కంటే కొంచెం వేగంగా. పెద్దబ్బాయి ఫోన్ పక్కన పెట్టేస్తాడు, నాదీ హామీ. అటువైపంతా నేవీ ఉంది, ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఈ ఊళ్లోనే. ఫోటోలు వద్దన్న బోర్డున్న చోట వద్దంతే, డ్రోన్ తెచ్చుకునే ఆలోచన ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి. వన్ టౌన్‌లో మేడల మీద బట్టలు ఆరేస్తే బొగ్గు దుమ్ము పడుతుందని అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, కిటికీ చువ్వల మీద వేలు పెట్టి చూస్తే నల్లగా అంటుకుంటుంది. పోర్టు పక్కన బతకడమంటే అదీ ఉంటుందని పిల్లలకి చెప్పండి. పదకొండుకల్లా గదికి వచ్చేయండి.

సోమవారం సింహాచలం. సబ్‌మెరీన్ మ్యూజియానికీ జూకీ సోమవారం సెలవు, గుడిలోనేమో శని ఆదివారాల కంటే జనం తక్కువ. పైదాకా కారూ బస్సూ వెళ్తాయి, మెట్ల దారి మీకు అక్కర్లేదు. ఏడు గంటలకల్లా ఉంటే దర్శనం హాయిగా అవుతుంది. ఇక్కడి నరసింహస్వామిని అప్పన్న అంటారు, ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే, కాబట్టి అమ్మగారు "విగ్రహం కనబడలేదే" అనుకోకుండా ముందే చెప్పండి. దర్శనం అయ్యాక వెంటనే బయటపడకుండా గోడల మీద చెక్కడం చూడండి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రప్పుడు ఇక్కడికొచ్చి వేయించిన శాసనాలు ఉన్నాయి, ఇంకా వెనకటి తూర్పు గాంగుల కాలం శాసనాలూ ఉన్నాయి. కప్పస్తంభం దగ్గర లైను ఉంటుంది, కౌగిలించుకునే వాళ్లు కౌగిలించుకుంటారు.

సోమవారం సాయంత్రం కైలాసగిరి, రోప్‌వేలో ఎక్కించండి. పార్కు మామూలుదే, పైన దుకాణాలూ టాయ్ ట్రైనూ పిల్లల కోసం. దాని మీదినుంచి ఒడ్డు వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ దాకా కనిపించే చూపు మాత్రం ఇంకెక్కడా దొరకదు. చీకటి పడ్డాక దిగండి.

ఇక అరకు. మంగళవారం పొద్దున కిరండూల్ రైలు, బుధవారం కారులో వెనక్కి. ఒక్కరోజులో వెళ్లిరావడం కుదురుతుంది, రోజూ వందల మంది అలాగే చేస్తున్నారు. రైల్లో నాలుగు గంటలు, కారులో మూడు నాలుగు గంటలు, మధ్యలో మిగిలిన టైంలో గుహలు, గార్డెన్, మ్యూజియం, జలపాతం అన్నీ పరుగు మీద. రాత్రికి ఘాట్ రోడ్డు దిగుతూ చిన్నపిల్ల వాంతులు, అమ్మగారి మోకాళ్లు. ఎందుకండీ అంత హైరానా, వారం రోజులున్నాయి కదా మీ చేతిలో.

ఈ రైలు వేసింది టూరిస్టుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని వైజాగ్ రేవుకి దించి జపాన్ పంపడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమల్ని తొలిచి లైను వేశారు. మొత్తం లైన్లో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. ఆ ఖనిజం ఎత్తడానికే పెద్ద ఓడలు పట్టేలా 1970ల్లో అవుటర్ హార్బర్ కట్టారు. మీరు ఆదివారం రాస్ హిల్ మీంచి చూసిన పోర్టుకీ మంగళవారం ఎక్కే రైలుకీ చుట్టరికం ఇదీ. దారిలో ఏదో చిన్న స్టేషన్లో మీ బండి చాలాసేపు ఆగిపోతుంది, పక్క లైన్లో ఖనిజం నింపుకున్న గూడ్సు మూలుగుతూ దిగుతుంది. అప్పుడు విసుక్కోకండి, ఈ లైన్లో అసలు చుట్టం అదే, మనమే తర్వాత వచ్చినవాళ్లం.

విస్టాడోమ్ పెట్టెలో టికెట్లు దొరికితే తీసుకోండి, పెద్ద అద్దాలు, పైకప్పుకీ అద్దం. దొరక్కపోతే మామూలు స్లీపర్లో కిటికీ సీటు ఏమాత్రం తక్కువ కాదు. అద్దం లేని కిటికీలోంచి సొరంగంలో చల్లగాలి ముఖాన కొడుతుంది, ప్రతి సొరంగానికీ పెట్టెలో పిల్లలందరూ కలిసి కేకలేస్తారు, ఏసీలో ఆ సరదా ఉండదు. శృంగవరపుకోట దాటేదాకా పొలాలే, అప్పటిదాకా టిఫిన్ ముగించేసుకోండి, అసలు ఘాట్ ఆ తర్వాతే. టిఫిన్ హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకోవడం మేలు.

బొర్రా గుహల దగ్గర స్టేషన్ ఉంది, చాలామంది అక్కడ దిగి కారెక్కుతారు. మీరు దిగకండి, నేరుగా అరకు పోండి, గుహలు బుధవారం తిరుగు దారిలో చూడొచ్చు. మధ్యాహ్నం లోపే అరకు చేరతారు, భోంచేసి పడుకుని, సాయంత్రం గిరిజన మ్యూజియం చూడండి. మట్టి గోడల ఇళ్లు, పనిముట్లు, నగలు, పెళ్లి తంతు బొమ్మలు, అన్నీ నిదానంగా చూడదగ్గవే. పద్మాపురం గార్డెన్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. మీరు ఫోటోల్లో చూసిన పసుపుపచ్చ వలిసె పూల పొలాలు నవంబర్, డిసెంబర్ల్లో ఉంటాయి, జనవరి మూడో వారానికి కోతలైపోతాయి, వాటి కోసం వెతుక్కుంటూ తిరగొద్దు. దానికి బదులు కాఫీ పళ్లు కోసే కాలం ఇది. బుధవారం అనంతగిరి వైపు దిగుతుంటే వెండి ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లనే అల్లుకున్న మిరియాల తీగలు, ఊళ్లలో కళ్లాల మీద ఆరబోసిన కాఫీ గింజలు కనిపిస్తాయి. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగండి. బొంగు చికెన్ అరకులో అన్ని చోట్లా రాసుంటుంది, మీ కళ్ల ముందు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చి చీల్చి ఇచ్చే చోటే తినండి, ముందే వండిపెట్టింది బొంగులో పోసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రాత్రికి స్వెట్టర్లు, అమ్మగారికి శాలువా, చెవులకి మఫ్లర్ తప్పనిసరి. వైజాగ్ చలి చూసి ఇదీ అంతేగా అనుకుంటే రాత్రంతా వణుకుతారు.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. అమ్మగారిని మొదటి పెద్ద హాలు దాకా తీసుకెళ్లి అక్కడే కూర్చోబెట్టండి, ఆ ఒక్క చోటు నుంచే గుహ ఎంతుందో తెలిసిపోతుంది. పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారే నీళ్లలో కరిగిన సున్నం వేల ఏళ్లుగా పేరుకుని ఈ ఆకారాలన్నీ తయారయ్యాయి. గైడు శివపార్వతులు, పుట్టగొడుగు, మొసలి అంటూ టార్చి వేసి చూపిస్తాడు. పిల్లలకి ఇంకో మాట చెప్పండి. ఆ గుహ కింద పారే గోస్తని నదిని వాళ్లు గురువారం మళ్లీ చూస్తారు, భీమిలిలో సముద్రంలో కలిసే చోట.

గురువారం ఉత్తరం దారి. ముందు ఎర్రమట్టి దిబ్బలు, తర్వాత కొసనున్న భీమిలి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక్కి రావాలి. దిబ్బలకి ఎనిమిదిలోపు చేరండి, అక్కడ నీడన్నది ఉండదు, తొమ్మిది దాటితే నడవలేరు. వేల ఏళ్ల క్రితం సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలికి కొట్టుకొచ్చి పోగుపడిన ఇసుక ఇది, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వాననీళ్లు కోసి లోయల్లా చేశాయి. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. చేత్తో గీరితే రాలిపోయేంత మెత్తటి గోడలు, పిల్లల్ని వాటి మీంచి జారనివ్వకండి, పేర్లు చెక్కనివ్వకండి. తెల్ల బట్టలు వేసుకుంటే ఆ ఎరుపు పోదు.

భీమిలిలో గోస్తని కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఒకప్పుడు వైజాగ్ కంటే దీనికే రేవుగా పేరు. గంట చాలు, అమ్మగారు కారు దిగి పది అడుగులు వేస్తే చాలు. తిరుగు దారిలో తొట్లకొండ. కారు పైదాకా వెళ్తుంది. బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు, స్తూపం పునాదులు, వరసగా గదులు, నీళ్లు నిల్వ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు. 1970ల్లో నేవీ సర్వేలో బయటపడింది, తర్వాత తవ్వితే రోమన్ నాణేలు కూడా దొరికాయి. అంటే పోర్టు కట్టక ముందు, మనకి తెలిసిన వైజాగ్ పుట్టక ముందు కూడా ఈ ఒడ్డుకి ఓడలు వచ్చాయన్నమాట. ఇక్కడ శబ్దం ఉండదు, గట్టు మీద కూర్చుంటే ఎదురుగా సముద్రం. నా మట్టుకు నాకు ఇది కైలాసగిరి కంటే మెరుగు. మధ్యాహ్నం ఎక్కడైనా నీడపట్టున భోంచేసి, నాలుగింటికి రుషికొండ. నీళ్లలో ఆడుకోవడానికి పిల్లల్ని వదిలేది ఇక్కడే, లైఫ్‌గార్డులు ఉంటారు, వాళ్లు జెండాలు పాతిన హద్దులోపలే.

శుక్రవారం పొద్దున నిదానంగా లేచి సామాన్లు సర్దుకోండి. అరకు కాఫీ పొడి, మాడుగుల హల్వా కొనుక్కోండి. హల్వా నిల్వ ఉంటుంది, పదిమందికి పంచొచ్చు. ఎండు చేపలు కొంటే మాత్రం మూడు కవర్లలో చుట్టించండి, లేకపోతే ఏసీ పెట్టెలో అందరూ మీ బెర్తు వైపే చూస్తారు. మధ్యాహ్నం రెండు దాటాక ఆర్‌కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరీన్. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 91 మీటర్ల పొడుగు. ఇసుకలోకి లాగి మ్యూజియం చేశారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కన్నంలోంచి వంగి, కాలు ఎత్తి దూరాలి, పక్క పక్కనే పైపులూ మీటలూ, మనిషి పక్కకి తిరిగితే భుజం తగిలే సందు, అందులోనే వంటగది, టార్పెడోల పక్కనే పడకలు. అమ్మగారిని బయటే ఉంచండి. ఎదురుగా రోడ్డవతల టీయూ-142 విమానం ఉంది, దానికి ఆవిడ రావచ్చు. అటునుంచి విక్టరీ ఎట్ సీ స్మారకం దాకా నడవండి, 1971 యుద్ధానిది. అప్పుడే పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ ఈ హార్బర్ బయట మునిగిపోయింది. ఓపికుంటే పక్కనే విశాఖ మ్యూజియం కూడా చూడండి.

కొట్టేయాల్సినవి చెప్తాను. మన్యం కొండల్లోని లంబసింగి, వంజంగి రెండూ తీసేయండి. మంచు చూడాలంటే తెల్లారకముందే అక్కడుండాలి, అంటే రాత్రంతా ప్రయాణం, అమ్మగారితో అది జరిగే పని కాదు. అరసవల్లి శ్రీకాకుళం దగ్గర, అదొక రోజు మింగేస్తుంది, రథసప్తమి దగ్గరపడితే జనం సంగతి చెప్పక్కర్లేదు. అన్నవరం మీ తిరుగు దారిలోనే ఉంది, దానికి విడిగా ఎప్పుడైనా రైలు దిగి వెళ్లండి. యారాడ బాగుంటుంది, కానీ అక్కడ కెరటాలు మరీ మోసం, పైగా దక్షిణం దిక్కులో మీకు ఇంకేమీ లేవు. అరకులో రాత్రి ఉండటం కుదరకపోతేనే ఆ మిగిలిన రోజు యారాడకీ డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌కీ పెట్టుకోండి. లైట్‌హౌస్ సాయంత్రం కాసేపే తెరుస్తారు, టైము కనుక్కుని బయల్దేరండి.

భోజనం గురించి పేర్లు చెప్పను, ఏడాదికోసారి వంటవాళ్లు మారిపోతుంటారు. చేపలు తినేవాళ్లయితే మధ్యాహ్నం తినండి, పొద్దున వచ్చిన సరుకు అప్పటికే వండి ఉంటుంది. "ఇవాళ ఏమొచ్చింది" అని అడగండి, మెనూ చూసి అడక్కండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. హోటల్ కంటే ముందు కిరండూల్ రైల్లో మంగళవారానికి ఐదు సీట్లు ఉన్నాయేమో చూడండి, 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది, విస్టాడోమ్ ముందుగా అయిపోతుంది. మంగళవారం లేకపోతే బుధవారం తీసుకుని, గురువారం కారులో దిగండి, అప్పుడు భీమిలి దారి మంగళవారానికి వస్తుంది, మిగతావి కదపక్కర్లేదు. శని ఆదివారాలకి మాత్రం అరకు జరపొద్దు, ఆ రెండు రోజులూ ఘాట్ మీద కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి, బొర్రా టికెట్ కౌంటర్ దగ్గరే గంట పోతుంది. టికెట్లు ఏ రోజుకి దొరికాయో రాయండి, అరకు నుంచి దించడానికి కారు ఎక్కడ మాట్లాడుకోవాలో, డ్రైవర్ బత్తా ఎలా ఒప్పుకోవాలో అప్పుడు చెప్తాను.